ఏడాది తిరిగేదాకా

మా హైస్కూల్లో యూనిఫాం రిజిస్టరు నా దగ్గర ఉంటుంది. ఆగస్టులో కొత్త హెడ్మాస్టరుగా వచ్చిన కిరణ్ కుమార్ గారు మొదటి వారంలోనే ఆ పని నాకు అప్పగించారు. "జానకిరామయ్య గారూ, ఇది మీరు చూడండి. పెద్ద శ్రమ ఉండదు," అన్నారు. శ్రమ లేని పనులు నాకు ఇవ్వడం అప్పటికే స్టాఫ్ రూంలో అందరికీ అలవాటైంది. నా భార్య రత్నకుమారి మాఘమాసంలో పోయింది. ఆ తర్వాత నేను దిద్దాల్సిన లెక్కల పేపర్ల కట్టలు కూడా పక్కవాళ్ళే పట్టుకుపోయేవాళ్ళు. నేను వద్దనలేదు.

ప్రేయర్ అయ్యాక వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్క పేరు ఎదురుగా గుర్తు వెయ్యాలి. యూనిఫాం ఉంటే టిక్కు. లేకపోతే సున్నా. మాల వేసుకుని ఉంటే 'దీ', అంటే దీక్ష. సున్నా మూడుసార్లు పడ్డవాళ్ళను నాలుగోరోజు గేటు దగ్గరే ఆపి ఇంటికి పంపాలి. పెద్దవాళ్ళను వెంటబెట్టుకొస్తేనే మళ్ళీ లోపలికి. దీక్షలో ఉన్నవాళ్ళకు ఇవేమీ లేవు.

కార్తీకం రాగానే పెద్ద తరగతుల మగపిల్లల్లో సగంమంది అయ్యప్ప మాల వేసుకుని నల్ల చొక్కాల్లోకి, నల్ల లుంగీల్లోకి మారతారు. బూట్లుండవు, క్షవరం ఉండదు. మాల వేసినవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు కనుక నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాణ్ణే "స్వామీ" అంటాం. హోంవర్కు చెయ్యని స్వామిని గట్టిగా ఒక మాట అనలేం. ఒకరోజు మా డ్రిల్లు మాస్టారు పెరటిగోడ దగ్గర నిలబడి, "స్వామీ, తమరు గోడ దూకి ఎక్కడికి దయచేస్తున్నారు?" అని అడగడం విన్నాను. "భిక్షకు సార్," అన్నాడు గోడ మీది వాడు. "పదింటికేం భిక్ష స్వామీ? దిగండి," అన్నాడాయన చేతులు జోడించి.

నేనూ పదహారుసార్లు మాల వేశాను. ఈ ఏడు వెయ్యలేదు. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా మాల వెయ్యరు, పండగ చెయ్యరు.

కార్తీకంలో రెండో సోమవారం పదో తరగతి లిఖిత ఎర్ర చుడీదార్, ఎర్ర చున్నీ వేసుకుని వరసలో నిలబడింది. మెడలో ఎర్ర పూసల మాల. కాళ్ళకు చెప్పుల్లేవు. విజయవాడ దుర్గమ్మకు మొక్కుకుని వేసే భవానీ మాల అది. ఆడవాళ్ళు కూడా వేస్తారు. వేసినవాళ్ళు ఆడైనా మగైనా "భవానీ" అనే పిలవాలి.

"ఎన్ని రోజులు?" అన్నాను.

"ఇరవై ఒకటి సార్."

రాయబోయి ఆగాను. ఆ పిల్ల తల్లి వాసంతి జూన్‌లో, బడులు తెరిచిన రెండోవారంలో, మూడు రోజుల జ్వరంతో పోయింది. పదో తరగతికి క్లాస్ టీచర్ని నేనే కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు. కార్తీకానికి ఏడాది కాదు, సగం కూడా కాలేదు. ఆడపిల్ల విషయంలో ఆ ఇంట్లో అంత పట్టింపు లేదేమో అనుకున్నాను. అడగాలంటే తల్లి ప్రస్తావన తేవాలి. నా దగ్గర అలాంటి ప్రస్తావన ఎవరైనా తెస్తే నేను ఆ గదిలోంచి వెళ్ళిపోతున్న రోజులు అవి. అడగకుండా 'దీ' వేశాను.

దానికి మూడు రోజుల ముందు, శుక్రవారం, అదే పిల్లకు మూడో సున్నా వేసింది నేనే. అప్పటిదాకా నిరుటి యూనిఫామే వేసుకొచ్చేది. టాప్ బిగుతై చంక కింద చిట్లింది. అక్కడ రెండు పిన్నీసులు పెట్టుకుంది. అవీ ఆగక మూడు రోజులు మామూలు బట్టల్లో వచ్చింది. ఈ ఏడు కిట్టులో వచ్చిన బట్ట జూన్‌లోనే తీసుకున్నట్టు ఆ పిల్ల సంతకం నా దగ్గర ఉంది. "కొత్తది సోమవారానికి కుట్టించుకుని రామ్మా. లేకపోతే గేటు దగ్గర ఆపాల్సొస్తుంది," అన్నాను. "సరే సార్," అంది. గట్టిగా కూడా అనలేదు నేను. మామూలుగానే చెప్పాను.

మా తెలుగు టీచరు ప్రసన్న గారు కూడా ఆ కార్తీకంలో భవానీ మాలలోనే ఉన్నారు. ఆమెకది ఆరోసారి. బడిలో తోడుగా ఇంకో భవాని దొరికిందని సంతోషించారు. మొదటిరోజే మధ్యాహ్నం వరండాలో లిఖిత కాళ్ళకు నమస్కారం చెయ్యబోయారు. మాలలో ఉన్నవాళ్ళు వయసు చూడకుండా ఒకరికొకరు అలా చేసుకుంటారు. లిఖిత గోడకు ఆనుకునేదాకా వెనక్కి జరిగింది.

"వద్దు మేడమ్."

"నీకు కాదు తల్లీ, మాలకి. నువ్వు నిలబడు చాలు."

"వద్దు మేడమ్. ప్లీజ్."

ప్రసన్న గారు నవ్వి ఊరుకున్నారు. పిల్లకు భయభక్తులు ఎక్కువని స్టాఫ్ రూంలో చెప్పారు. ఆ తర్వాత భోజనాల వేళ ఆమె, "భవానీ, రా, పెరుగు తెచ్చాను," అని పిలిచినప్పుడల్లా లిఖిత పంపు దగ్గరికి పోయేది.

వారం గడిచింది. పదో తరగతి పరీక్ష దరఖాస్తులకు ఫొటోలు తీయించాల్సి వచ్చింది. మెయిన్ రోడ్డులో స్టూడియో ఉన్న షాకిర్ గురువారం వస్తాడని, అందరూ యూనిఫాంలోనే ఉండాలని కిరణ్ కుమార్ గారు ప్రేయర్‌లో చెప్పారు. "మాలలో ఉన్నవాళ్ళు కూడా. ఫొటో మట్టుకు పైన యూనిఫాం చొక్కా తగిలించుకోండి. స్వాములు ఏమీ అనుకోకూడదు," అన్నారు. స్వాములు నవ్వారు. లిఖిత నవ్వలేదు. గురువారం బడికి రాలేదు. శుక్రవారమూ రాలేదు.

శనివారం మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు నా చేతికి జాబితా ఇచ్చారు. "ఒక్క ఫొటో తక్కువండీ. సోమవారం సాయంత్రానికి అన్నీ ఆన్‌లైన్లో ఎక్కించెయ్యాలి. ఆ అమ్మాయి పరీక్ష సంగతి మీరే చూడండి."

బడి వదిలాక స్కూటరు మీద వాళ్ళ ఊరు వెళ్ళాను. దాచేపల్లి రోడ్డెక్కి సిమెంటు లారీల వెనక మూడు కిలోమీటర్లు. తండ్రి లారీ డ్రైవరు. మిర్యాలగూడ మీదుగా హైదరాబాదుకు లోడు వేసుకుని పోతే వారానికి గానీ రాడు. ఇంట్లో ఆ పిల్ల, నాయనమ్మ పిచ్చమ్మ. నేను వెళ్ళేసరికి పిచ్చమ్మ వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆమె వెనక గోడవారగా కుట్టుమిషను, పాత దుప్పటి చుట్టి తాడుతో కట్టేసి ఉంది.

మాలలో ఉన్నవాళ్ళ ఇంటికి వెళ్తే గుమ్మంలో ఎలా పిలుస్తామో అలాగే పిలిచాను.

"భవాని ఉందా అమ్మా?"

పిచ్చమ్మ చేట దించింది. "ఏ భవాని సారూ? ఆ చివరింటోళ్ళ కోడలు భవానే. అది పురిటికి పోయింది."

"ఆమె కాదమ్మా. మీ లిఖిత. మాలలో ఉంది కదా, అందుకని..."

అంటూ ఉండగానే ఆమె ముఖం చూశాను. మాట వెనక్కి తీసుకోవడానికి లేదు.

"మాలేంది? మా ఇంట్లో మాలేంది?" అని లోపలికి తిరిగింది పిచ్చమ్మ. "ఏమే. ఇటు రా."

లిఖిత గడప దగ్గరికి వచ్చింది. ఒంటి మీద నీలం పూల డ్రెస్సు. మెడలో ఏమీ లేదు. నన్ను చూసి తల దించుకుంది.

"ఎవరేశారే నీకు మాల? ఏ గుడి కాడ?"

"ఎవరూ వెయ్యలా. నేనే కొనుక్కుని వేసుకున్నా."

"యాడుంది ఇప్పుడు?"

"మా క్లాసు ఫరా వాళ్ళింట్లో. పొద్దున బడికి పోతా అక్కడ వేసుకుంటా. వచ్చేటప్పుడు తీసి పెట్టొస్తా."

"పొద్దున ఏసుకుని సాయంత్రం ఇప్పేస్తన్నావా? చొక్కాయనుకున్నావా అమ్మవారంటే?" పిచ్చమ్మ గొంతు పెద్దది కాలేదు. అందుకే వినడం కష్టమైంది. "మీ అమ్మ పోయి ఆరు నెలలు కాలా. గడప మీద దీపం కూడా పెట్టటంలా నేను. నువ్వు ఊళ్ళోకి పోయి అందరి చేతా దణ్ణాలు పెట్టించుకుంటన్నావు."

"పెట్టించుకోలా. వద్దన్నా."

పిచ్చమ్మ నా వైపు తిరిగింది. "మీ ఇంట్లోనూ జరిగిందంట గదా సారూ. ఏడాదంటే ఏందో తెలిసినోరు. మీరెట్టా ఊరుకున్నారు?"

"తెలుసమ్మా," అన్నాను. "అడగలేదు. అడగాల్సింది."

పిచ్చమ్మ చేట పక్కకు జరిపింది. మంచం వాల్చి కూర్చోమంది. ఎందుకు చేసిందో చెప్పమని నేను లిఖితను అడగలేదు.  ఆ పిల్ల లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులోవి ఒక్కొక్కటి తీసి మంచం మీద పరిచింది. యూనిఫాం బట్టే. ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు, మెడపట్టీ. అన్నీ కత్తిరించి ఉన్నాయి. కుట్టు లేదు. అంచుల లోపల నీలం సుద్దతో గీతలు. ఒక చేతిముక్క మీద అదే సుద్దతో 'లి' అని రాసి ఉంది.

"ఏమే, టెన్తుకి యూనిఫాం తీసేశారంటివి?" అంది పిచ్చమ్మ. తర్వాత నాతో, "జులైలోనే దాచేపల్లి టైలరుకి ఇద్దామన్నా సారూ. ఈ బట్ట ముట్టనియ్యలా. రెండు రోజులు తిండి మానేసింది. ఆనక పాతది చిరిగినాక బడిలో తీసేశారని చెప్పింది. నిజమేననుకున్నా. నాకేం తెలుసు," అంది.

"మా అమ్మ అందరివీ అయ్యాకే మావి కుడుతుంది సార్," అంది లిఖిత. "ఎప్పుడూ అంతే. బడి తెరవగానే ఊళ్ళో వాళ్ళవి, బడి దగ్గర వాళ్ళవి కలిపి అరవై జతలు వచ్చినయ్. అన్నీ కుట్టి ఇచ్చేసింది. నాది ఆదివారం కత్తిరించింది. సోమవారం జ్వరం వచ్చింది."

"ఇప్పుడు ఎవరిచేతైనా కుట్టిస్తే..." అన్నాను.

"కుడితే గీత మీద కుట్టాలి కదా సార్. ఆనక ఉతకాలి. పోద్ది."

మా ఇంట్లో ఫ్రిజ్‌లో చింతకాయ పచ్చడి సీసా ఒకటి ఉంది. మూత మీద కాగితం అంటించి తేదీ రత్నకుమారి రాసింది. దాన్ని నేను తినడం లేదు, తీసెయ్యడం లేదు. ఆ సంగతి వాళ్ళకు చెప్పలేదు.

"ఇరవై ఒక్క రోజులయ్యాక ఏం చేద్దామనుకున్నావమ్మా?"

"తెలీదు సార్."

"సోమవారం బడికి రా. ఫొటో తియ్యకపోతే దరఖాస్తు పోదు. దరఖాస్తు పోకపోతే పరీక్ష లేదు."

"ఏం వేసుకుని రావాలి సార్?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండాలి. రిజిస్టరు నాది. "ఇదే వేసుకుని రా," అన్నాను. "మాల వద్దు. గేటు దగ్గర నేనుంటాను."

లిఖిత ముక్కల్ని మడతలు పడకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి కవర్లో పెట్టుకుంది.

సోమవారం పొద్దున ప్రేయర్‌కు ముందే హెడ్మాస్టరు గదికి వెళ్ళాను. ప్రసన్న గారు అక్కడ హాజరుపట్టీలో సంతకం చేస్తున్నారు. ఆమె ఉండగానే చెప్పడం మంచిదనుకున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

ప్రసన్న గారు పెన్ను మూత పెట్టి కూర్చున్నారు.  "ఆ మాల ఎక్కడుందిప్పుడు?" అన్నారు.

"ఫరా వాళ్ళింట్లో బీరువా మీద పెట్టారట."

"తెప్పించండి. నేను విజయవాడ వెళ్ళేటప్పుడు కృష్ణలో కలిపేస్తాను. ఎవరూ తొక్కకుండా." లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "నేను దణ్ణం పెట్టబోయిన రోజు గోడలోకి దూరిపోయినట్టు జరిగిందండీ ఆ పిల్ల. నేను భక్తి అనుకున్నా. ఒక్కసారి కూడా పెట్టనివ్వలేదు." ఆమె కోపంగా ఉన్నారో లేదో నాకు అర్థం కాలేదు. వెళ్ళిపోయారు.

కిరణ్ కుమార్ గారు కుర్చీ వెనక్కి జరిపారు. "ఏం చెయ్యమంటారు?"

"ఏడాది తిరిగేదాకా మామూలు బట్టల్లో రానివ్వండి."

"ఏడాదంటే జూన్. పరీక్షలు మార్చిలో. అంటే ఆ అమ్మాయి ఇంక ఈ బడిలో యూనిఫాం వెయ్యదు."

"వెయ్యదు."

"అబద్ధం చెప్పింది కదండీ. దాన్ని ఏం చేద్దాం?"

"నాతో చెప్పింది. అనుమానం ఉండి కూడా నేను రాసుకున్నాను. దీక్షకు ఇరవై ఒక్క రోజులు, నలభై ఒక్క రోజులు అడక్కుండా ఇస్తున్నాం. దీనికీ ఒక గడువు ఉంది. పెద్దదే గానీ ఉంది."

ఆయన ముందుకు వంగారు. "తొమ్మిదో తరగతి హర్ష గుర్తున్నాడా మీకు?"

గుర్తున్నాడు. అక్టోబరు ముసురులో మూడు రోజులు గళ్ళ చొక్కాతో వచ్చాడు. నాలుగోరోజు గేటు దగ్గర నేనే ఆపి పంపాను. వారం దాకా రాలేదు.

"వాళ్ళ నాన్న క్వారీలో పని," అన్నారు హెడ్మాస్టరు గారు. "పెద్దవాళ్ళను తీసుకురమ్మన్నాం. రోజు కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? వాడు వాళ్ళమ్మ వెంట పత్తికి పోయాడు. నేను తర్వాత అడిగితే తెలిసింది. ఒక జత చిరిగింది, ఇంకో జత ఆరలేదు. అంతే. వాడికి ఎవరూ చావలేదు. దీక్ష లేదు. వాడు ఆ మూడు రోజులూ నల్ల చొక్కా వేసుకుని వచ్చుంటే మీరు దణ్ణం పెట్టి లోపలికి పంపేవాళ్ళు."

నేను కుర్చీ వీపు పట్టుకున్నాను.

"ఈ అమ్మాయి సంగతి మీకు తగిలింది, వచ్చారు. తప్పనను. హర్ష సంగతి నాకూ అప్పుడు తగల్లేదు. రూలు పెట్టింది నేనే. కానీ మనకు తగిలినవాళ్ళకు ఒకటి, తగలనివాళ్ళకు ఒకటి అయితే ఎట్టాగండీ?"

"మీరన్నది నిజం," అన్నాను. కూర్చోవాలనిపించి కూర్చున్నాను.

"యూనిఫాం తియ్యను. నరసరావుపేటలో నేను పనిచేసిన బడిలో ఒక పిల్ల ఉండేది. యూనిఫాం లేని శనివారాల్లో బడి ఎగ్గొట్టేది. మంచి డ్రెస్సు లేక. అది చూశాను కాబట్టే ఇంత పట్టుదలగా ఉన్నా. గేటు దగ్గర ఆపడం మాత్రం ఈ రోజుతో మానేద్దాం. లేనివాణ్ణి లోపలికి పంపండి. ఎందుకు లేదో మీరు అడిగి రాయండి. మాల అన్నా సరే, ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, అడగండి. అడగడం మీకు కష్టమైతే చెప్పండి, ఇంకొకరికి ఇస్తా."

"నేనే అడుగుతాను."

"ఫొటో మట్టుకు యూనిఫాంలోనే. ఆ ఒక్కటి నన్ను అడక్కండి. తొంభైమంది అట్టాగే దిగారు. ఒక్కళ్ళకి వేరేగా అంటే స్వాములు నా గది ముందు భజన పెడతారు. పెట్టుకోవాల్సింది ఆరు బొత్తాలే. ఎవరిదైనా తెచ్చి వెయ్యండి."

నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి లిఖిత వచ్చేసింది. నీలం పూల డ్రెస్సు, కాళ్ళకు చెప్పులు. పక్కన ఫరా. ఫరా ఇల్లు బడి ఎదురు సందులోనే. లోపల మెట్ల మీద కూర్చున్న నల్ల చొక్కాల్లో ఒకడు కేకేశాడు.

"ఏంది భవానీ, మాల అప్పుడే అరిగిపోయిందా?"

ఫరా ఆగింది. "స్వామీ, నీ మాల కింద సిగరెట్టు వాసన వస్తంది. కప్పుకుని కూర్చో," అంది. మెట్ల మీద మిగతా స్వాములు వాణ్ణి చూసి నవ్వారు. 

ఇద్దరినీ సైన్సు ల్యాబు దగ్గరికి తీసుకెళ్ళాను. నేను రమ్మన్న షాకిర్ అప్పటికే వరండా గోడకు నీలం గుడ్డ కట్టి ఎదురుచూస్తున్నాడు. హెడ్మాస్టరు గారు చెప్పింది చెప్పాను. బడికి మామూలు బట్టల్లో రావచ్చు. ఫొటోకు యూనిఫాం కావాలి.

"నా బట్ట ఇవ్వను సార్," అంది లిఖిత. "ఫొటో లేకపోయినా సరే."

"నీ బట్ట ఎవరూ అడగలేదు. ఎవరిదైనా వేసుకోవచ్చు."

"ఎవరిదైనా అంటే?" అంది ఆ పిల్ల. ఇంకొకరి యూనిఫాం వేసుకోవడం ఆమెకు ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. అలా వేసుకోవాలనుకుంటే మూడో సున్నా దాకా వచ్చేదే కాదు.

షాకిర్ కెమెరా దించాడు. "ఛాతీ దాకే పడుద్ది సార్. అయిదు నిమిషాల పని. నాకు పదిన్నరకి ఇంకో బడి ఉంది."

"సార్, ఒక మాట," అంది ఫరా. "నేను స్కార్ఫ్ కట్టుకోవచ్చు, తెల్లదే ఉండాలన్నారు. అట్టాగే కట్టుకుంటన్నా. అబ్బాయిలకు నలుపు. మేడమ్‌కి ఎరుపు. వాళ్ళమ్మ చచ్చిపోతే దీనికి ఏ రంగూ లేదు కద సార్. అందుకని ఎరుపు తీసుకుంది. నేనే మాల దాచిపెట్టా. మా అమ్మ స్కూల్లో డ్రామా అనుకుంది. ఏదన్నా అంటే నన్ను కూడా అనండి."

"ఎవరినీ ఏమీ అనడం లేదమ్మా."

"అయితే నాది వేసుకుంటది," అంది ఫరా. "ఏమే, నాది నీకు సరిపోద్ది. సరిపోక చస్తుందా? నీ మీదే కదా కొలిచింది."

"నా మీదా?" అంది లిఖిత.

"ఆంటీ నన్ను కొలతలకి పిలవనే లేదు. మా అమ్మ అడిగితే, మా లిఖితా మీ ఫరా ఒకటే కొలత, మళ్ళీ పిల్లను ఎండలో తిప్పడం ఎందుకు అబిదా, అందంట. నాకు చంక దగ్గర కొంచెం వదులు. నీకు వదులు ఉండదు."

లిఖిత చెయ్యి చాచి ఫరా టాప్ చేతి అంచు పట్టుకుంది. తిప్పి లోపలి కుట్టు చూసింది. దగ్గరికి లాక్కుని చూసింది.

"ఇది మా అమ్మ కుట్టిందా?"

"మరి ఎవరు కుట్టారే? అరవైలో నాది లేదా?"

ల్యాబు తాళం తీసిచ్చాను. ఇద్దరూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. బయటికి వచ్చినప్పుడు లిఖిత యూనిఫాంలో ఉంది. భుజాల దగ్గర, చంకల దగ్గర ఎక్కడా ముడత లేదు. ఆమె వెనక ఫరా నీలం పూల డ్రెస్సు మీద తెల్ల స్కార్ఫు సర్దుకుంటూ వచ్చింది.

గుడ్డ ముందు స్టూలు మీద కూర్చున్నాక కూడా లిఖిత చేతి అంచునే చూస్తోంది.

"ఇటు చూడమ్మా," అన్నాడు షాకిర్. "చెయ్యి కాదు. కెమెరా."

చూసింది. అతను రెండు తీశాడు. నాకు చూపించాడు. బాగా వచ్చాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. అతను గుడ్డ విప్పుకుని వెళ్ళిపోయాడు. ఫొటో ఆఫీసులో ఎక్కించారని, అందిందని పావుగంటలో కబురు వచ్చింది.

పిల్లలిద్దరూ బట్టలు మార్చుకోవడానికి మళ్ళీ ల్యాబులోకి వెళ్ళారు. రెండో పీరియడ్ నాదే. లెక్కల పరీక్ష. ప్రశ్నపత్రాలు చేతిలో పట్టుకుని వరండాలో నిలబడ్డాను. ప్రసన్న గారు ఏడో తరగతికి వెళ్తూ నన్ను చూసి ఆగారు. లోపల ఎవరని అడిగారు. చెప్పాను. తల ఊపి వెళ్ళారు.

లోపల నుంచి ఫరా గొంతు వినబడింది. "ఇయ్యవే. బెల్లు కొడతన్నారు."

జవాబు వినబడలేదు.

"ఏమే. నేను ఈ పూల గౌనుతో క్లాసుకి పోవాలా?"

మళ్ళీ చాలాసేపు ఏమీ వినబడలేదు. బెల్లు కొట్టారు. వరండాలో పిల్లలు అటూ ఇటూ మారారు, సద్దుమణిగారు. నేను తలుపు తట్టలేదు.

"సరేలే," అంది ఫరా. ఈసారి గొంతు తగ్గించి అంది. "సాయంత్రం దాకా ఉంచుకో. రేపు మళ్ళీ నాకు కావాలి. ఉతకమాకు, నేను ఉతుక్కుంటా."

నేను క్లాసుకు వెళ్ళి ప్రశ్నపత్రాలు పంచాను. వాళ్ళిద్దరూ ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. ఇద్దరికీ చెరొక పేపరు ఇచ్చాను. ఆలస్యమైన ఆరు నిమిషాలు చివర్లో కలుపుతానని చెప్పాను.